సేనాధిపతి ఏ మూటలోవాడు

మా తోలుబొమ్మలను రెండు మూటలు కడతాం. దేవుళ్లూ మంచివాళ్లూ ఒకదాంట్లో, రాక్షసులూ మోసగాళ్లూ ఇంకోదాంట్లో. కలిపి కడితే పెట్టెలోనే కొట్టుకుని తోలు చింపుకుంటాయనేవాడు మా మామ, నా భార్య తండ్రి. నవ్వితే నవ్వండి, నేను ఇప్పటికీ విడిగానే కడతాను.

చిక్కంతా ఒక్క బొమ్మతోనే. మేము ఆడించే ఒక కథలో రాజుకు కొడుకులు లేరు. రాకుమార్తెను పెళ్లాడినవాడిదే సింహాసనం. సేనాధిపతి ఆమె ముందు మోకరిల్లి, రాజ్యం తనకు గడ్డిపోచతో సమానమంటాడు. ఆమె సరేనంటుంది. అది ప్రేమో, ఎత్తుగడో కథ చెప్పదు. మా మామ వాణ్ణి ఒకసారి ఈ మూటలో, ఒకసారి ఆ మూటలో వేసేవాడు. వాడి గొంతు నాది. రాకుమార్తె గొంతు నా భార్యది.

ఈ ఎండాకాలం చివర బొమ్మలను ఎండకు ఆరవేశాం. ఆమె గొంతులో గడ్డకు మర్నాడు అనంతపురంలో ఆపరేషన్. మాట మునుపటిలా రాకపోవచ్చని డాక్టరు ముందే చెప్పాడు. మూటలు కడుతూ కడుతూ ఆమె సేనాధిపతిని ఒళ్లో పెట్టుకుని ఆగింది.

"ఏమయ్యా, వీడు ఆ పిల్లను నిజంగా ప్రేమించినాడా?"

"ప్రేమించకేమి? ప్రాణం ఇచ్చేంత."

"ఇన్నేండ్లుగా వానికి సరే సరే అని చెప్తాండా. గొంతు పోకముందన్నా ఎట్లాంటోనికి చెప్పినానో తెలియాల గదా."

బొమ్మ సంగతి కాదని అర్థమైంది. మా మామకూ కొడుకులు లేరు. బొమ్మల పెట్టె, ఆట ఆడే ఊళ్లు, అన్నీ అల్లుడివే. నేనేమో వానలు లేని ఏడు, బెళుగుప్ప దిక్కు నుంచి దూరపు చుట్టాన్నంటూ ఆ ఇంటికి చేరినవాణ్ణి.

ఎప్పటి కథే ఎత్తుకున్నాను. "తెర యెనక నీ గొంతు ఇని, గుంతకల్లులో ఎక్కల్సిన బొంబాయి రైలు ఇడిచిపెట్టి వస్తిని గదమే నేను."

"ఇడిచిపెట్టినావా? మనం చేసే తోలు లాంతరు బుట్టలు కొనేకి వచ్చిన పుట్టపర్తి వాళ్లకు, కదిలే రైల్లోంచి దూకినా అంటివి. మా అక్క మనవనికి రైలునే నిలబెట్టినా అంటివి. ఇంకా రెండేండ్లు పోతే రైలును ఇంటికే తోలుకొస్తావు నువ్వు."

నవ్వింది. నవ్వుకు దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక నావైపే చూస్తూ కూర్చుంది. ముఖంలో నవ్వు లేదు.

మీకూ చెప్పాలి: రైలు లేదు. టికెట్టుకు దారి లేకే ఆ ఇంటికి చేరాను. వెళ్లిన పూట సంగటి రెండోసారి అడిగి తిన్నాను. ఆమె గొంతు విన్నమాట నిజమే. చూపు మాత్రం పెట్టె మీదే ఉండేది.

"పెట్టె కోసమే వచ్చినా," అన్నాను. "కరువులో కూడు పెట్టేది అదే. నిన్ను చేసుకుంటేనే నాకు వస్తాదని తెలుసు."

"ఆ మాట నాకూ తెలుసులే. ఆమీద?"

ఇక్కడ ఒక సంఘటన అల్లడం నాకు ఎంతసేపు? నోటిదాకా వచ్చింది: ఆమెకు జ్వరం, వాగు పొంగడం, నేను భుజాన వేసుకుని దాటించడం. మా వైపు వాగులో నీళ్లు చూసినవాడెవడు? మింగేశాను.

"ఎప్పుడు మారిందో తెలీదు. ఫలానా దినమంటే అబద్ధమైతాది. రేపు నీకేమన్నా అయితే ఈ పెట్టె నాకెందుకని మాత్రం పొద్దున్నించి అనుకుంటాండా."

ఆమె సేనాధిపతి చేతులు సరిచేసి, రెండు మూటలూ ముడివేసి, వాణ్ణి గూట్లో ఒంటరిగా ఆనించింది.

"వీణ్ణి బయటే ఉండనీ. ఏ మూటలో కట్టాలో తిరిగొచ్చినాక చెప్తా."

"ఇప్పుడే చెప్పరాదా?"

"నువ్వు ఇన్నేండ్లు తీసుకున్యావు. నాకు నాలుగు దినాలు గూడా వద్దా?" అంది. తర్వాత, "రేపు డాక్టరుకాడ నోరు మూసుకోని ఉండు. గడ్డ టెంకాయంత అంటావు నువ్వు" అంది.

పొద్దు గూకేదాకా ఆమె ఏదో చెబుతూనే ఉంది. మేకకు తవుడు, బిందె కింద చిల్లి, తలుపు గొళ్లెం. మామూలుగా సగంలోనే అడ్డు తగిలేవాణ్ణి. ఆ రోజు అయిపోయిన మాటను కూడా "ఏమంటివి?" అని మళ్లీ అడిగి చెప్పించుకున్నాను.