వేపాకు తాడును ఎత్తిన కట్టె

దగ్గరికి జరగండి. గోడకు వీపు ఆనించి, కాళ్లు చాపుకొని కూర్చోండి. చంటిపిల్లలుంటే ఒళ్లోకి తీసుకోండి. ఇది ఒక పిల్ల బతికిన ముచ్చట, నింపాదిగా వినాలి.

మా అత్తగారి ఊరు లక్సెట్టిపేటకు ఎడ్లబండి మీద ఒక పూట దారి. నా బిడ్డకు మూడేళ్లు నిండిన ఏడు, డెబ్బైల మొదట్లో, ముసురు పట్టగానే పక్క ఊళ్లో గత్తర మొదలైంది. గత్తర అంటే వాంతులు, విరేచనాలు. పొద్దున నవ్వుతూ నీళ్లు తోడిన మనిషి సందెకల్లా మంచంలో లేవలేని స్థితికి వచ్చేది. దవాఖానాలో దాన్ని కలరా అనేవాళ్లు. మేము ఆ పేరు ఎత్తడానికి కూడా భయపడి, 'ఆ రోగం' అని ఊరుకునేవాళ్లం.

అప్పట్లో ఊరు కట్టడం అని ఒక పద్ధతి ఉండేది. డప్పుతో చాటింపు వేసి, ఊళ్లోకి వచ్చే దారులన్నిటికీ అడ్డంగా వేపాకు గుచ్చిన తాళ్లు కట్టేవాళ్లు. ఇక చెప్పిన రోజు దాకా లోపలివాళ్లు బయటికి పోకూడదు, బయటివాళ్లు లోపలికి రాకూడదు. అంగడి లేదు, పెళ్లి లేదు, చుట్టపుచూపు లేదు. తాడు దాటితే కట్టు తెగి రోగం ఊరిమీద పడుతుందని నమ్మకం.

ఆసారి వచ్చే ఐతారం, అంటే ఆదివారం, దాకా అని చాటించారు. లక్సెట్టిపేట దారికి కట్టిన తాడును పేనింది మా అత్తమ్మే. వాకిట్లో కూర్చొని, జనుప నారను తొడమీద రుద్దుతూ పేనింది. నేను వేపమండలు విరిచి అందించాను. ఆమె చిన్నప్పుడు వాళ్ల ఊరు కట్టలేదట. పెళ్లికి పోయివచ్చిన వాళ్ల వెంట గత్తర వచ్చి, వారం తిరగకముందే ఆమె అన్నలిద్దరినీ తీసుకుపోయిందట. అందుకే కట్టు విషయంలో ఊరి పెద్ద పటేలు కంటే మా అత్తమ్మే గట్టి.

ఎంత గట్టి అంటే, కన్నకొడుకునే రానివ్వలేదు. నా పెనిమిటి బొగ్గుబాయిలో, అంటే గనిలో, పని చేసేవాడు, సెలవు దొరికినప్పుడే ఇంటికి వచ్చేవాడు. తాడు కట్టిన తెల్లారే సంచి భుజానికి వేసుకొని వచ్చి అవతల నిలబడ్డాడు. నేను ఇవతల కొంగు సర్దుకుంటూ నిలబడ్డాను. మా ఇద్దరి మధ్య అత్తమ్మ.

"అవ్వా, నేనే. నీ కొడుకును."

"కొడుకువైతే ఏంది? గత్తరకు నీ మొఖం ఎర్కనా? మల్లిపో."

"బిడ్డకు జిలేబి తెచ్చిన."

"ఆడ పెట్టు. చీమలు తింటయి."

ఆయన నా దిక్కు చూసి నవ్వి, పొట్లం రాయి మీద పెట్టి, వచ్చిన దారినే బొగ్గుబాయికి పోయాడు. మా బిడ్డ ఆ పొట్లాన్ని చూస్తూ మధ్యాహ్నం దాకా తాడు దగ్గరే కూర్చుంది. చీమలే తిన్నాయి.

మరునాడు పొద్దున బిడ్డకు వాంతి అయింది. తర్వాత విరేచనాలు. బియ్యం కడిగిన నీళ్లలా పోతూనే ఉన్నాయి. ఊరు కట్టి ఉంది, బయటి మనిషి ఎవరూ అడుగు పెట్టలేదు, అయినా మా ఇంట్లోకే వచ్చింది. పిల్ల నీళ్లు, నీళ్లు అని ఏడుస్తుంటే, ఇస్తే ఇంకా పోతాయని అత్తమ్మ ఇవ్వనివ్వలేదు. అందరిదీ అప్పటి తెలివి అదే. పొద్దెక్కేసరికి కళ్లు గుంటలు పడ్డాయి. చర్మం చిటికెతో పట్టి వదిలితే, పట్టినట్టే నిలబడింది. ఏడుద్దామన్నా పిల్ల కంట్లో నీళ్లు రావడం లేదు. అప్పుడిక నేను ఆగలేదు. బిడ్డను చీరకొంగులో చుట్టుకొని తాడు దగ్గరికి నడిచాను.

పటేలు అక్కడే కావలి కూర్చున్నాడు. చెడ్డవాడు కాడు. కానీ లేచి దారికి అడ్డం నిలబడ్డాడు. మా బాపు కాలంల ఒక్కడు తాడు దాటిండని సగం ఊరు పోయింది, ఒక్క పిల్ల కోసం అందరి పిల్లలను ఎట్ల పణం పెట్టుమంటవు బిడ్డా, అని నన్నే అడిగాడు. ఆయన భయంలో అబద్ధం ఏమీ లేదు.

చుట్టూ మనుషులు మూగారు. అందరూ మా అత్తమ్మ దిక్కే చూశారు. కొడుకును మలిపిన మనిషి ఇప్పుడేమంటుందో అని. ఆమె వెనుదిరిగి ఇంటికి పోయింది. ఇక నా బిడ్డ పని అయిపోయిందనుకున్నాను. అంతలోనే చింతకాయలు దులిపే పొడుగు కట్టె పట్టుకొని తిరిగి వచ్చింది. దాని కొనను తాడు కింద పెట్టి పైకి లేపింది. వేపాకులు మనిషి తల మీదికి లేచాయి.

"తాడు తెంపుతలేను పటేలా, ఎత్తుతున్న. కిందికెల్లి పోతరు. పొల్లకు నయమయ్యేదాక లోపటికి రారు, మా చేను కాడి కొట్టంల ఉంటరు. గీ మాట నాది."

"మరి నిన్న నీ కొడుకును ఎందుకు మలిపినవ్?"

"వాడు బాగున్నడు. గీ పొల్ల బాగ లేదు. గంతే తేడా."

పటేలు దారి పక్కకు జరిగాడు. తర్వాత తన బండే కట్టించాడు.

లక్సెట్టిపేట దవాఖానాలో మంచాలు ఖాళీ లేవు, వరండాలో చాప మీద పడుకోబెట్టారు. నర్సమ్మ బిడ్డకు సెలైన్ సీసా ఎక్కించింది. తెలివి వచ్చాక ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు చెంచాతో కొంచెం కొంచెం తాగించమని నాకు గిన్నె ఇచ్చింది. పోతున్నప్పుడే నీళ్లు ఇయ్యాలి, ఇయ్యకపోతేనే పిల్లలు ఎండిపోయి చనిపోతారు అని చెప్పింది. మీరు తాగే బావి ఏది, గుడ్డలు ఎక్కడ ఉతుకుతారు అని అడిగింది. బావి గట్టు మీదే అన్నాను. ఆమె తిట్టలేదు. ఊరు కట్టడం తప్పు కాదమ్మా, ముందు బావి సంగతి చూసుకోవాల్సింది అంది. వానకు గట్టు మీది మురికి బావిలోకి దిగుతుందని అప్పుడు నాకు తట్టింది. తాడు కట్టుకొని, రోగాన్ని మేమే రోజూ బిందెలతో మోసుకున్నాం.

మూడో పూటకు నా బిడ్డ కళ్లు తెరిచి మొదట అడిగింది జిలేబి.

తిరిగి వచ్చి చేను దగ్గరి కొట్టంలో ఉన్నాం. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ రోజులు తలచుకుంటే కడుపు చల్లబడుతుంది. పొద్దున, సందె, అత్తమ్మ జొన్నరవ్వ వండిన గటుక కుండ తెచ్చి తాడు కింద పెట్టి వెనక్కి జరిగేది. నేను తీసుకునేదాన్ని. ఆపైన ఆమె పోయేది కాదు. అవతల బండ మీద ఆమె, ఇవతల చేను గట్టు మీద నేను. ఇంట్లో ఉంటే పొయ్యి ముట్టించు, పేడ ఎత్తు, దూడను కట్టెయ్యి, ఇవే మాటలు. అక్కడ ఇద్దరికీ చేయడానికి పని లేదు, ఇక మాట్లాడుకోవడమే. తన అన్నలు ఎలా ఉండేవాళ్లో చెప్పింది. నేను కాపురానికి వచ్చిన రోజు, ఈ పిల్ల ఇంత తక్కువ తింటే ఎలా బతుకుతుందని దిగులు పడ్డానని చెప్పింది. అప్పటిదాకా ఆమెకు నేనంటే గిట్టదనే అనుకున్నాను.

నర్సమ్మ మాటలన్నీ ఆమెకు చెప్పాను. నీళ్లు ఇయ్యాలన్న మాట దగ్గర నన్ను ఆపింది. మా అన్నలు కూడా నీళ్లే అడిగిండ్రు, అంది.

తర్వాత దవాఖానా నుంచి బావిలో మందు వేసేవాళ్లు వచ్చారు. ఈసారి పటేలే కట్టె తీసుకొని తాడు ఎత్తాడట. వాళ్లు తెల్లపొడి చల్లి, ఎందుకో ఏమిటో ఎవరికీ చెప్పకుండా పోయారు. నీళ్లు వాసన వేయగానే ఆడవాళ్లు ముక్కు మూసుకొని, బిందెలెత్తుకొని వాగు దిక్కు నడిచారు. ఆ వాగు గత్తర ఉన్న పక్క ఊరి మీదుగా వచ్చేదే. మా అత్తమ్మ బావి దగ్గర నిలబడి, అందరూ చూస్తుండగా చెంబెడు నీళ్లు తాగి, మూతి తుడుచుకొని అందట: "వాసనున్నది. ఎండు చాపలు తింటలేమా?"

నవ్వుకుంటూ వెనక్కి మలిగారట.

ఐతారం తాడు విప్పారు. మా కొట్టానికి నా పెనిమిటి వచ్చాడు, చేతిలో జిలేబి పొట్లం. అంగడి మిఠాయి కొన్నాళ్లు వద్దన్న నర్సమ్మ మాట చెప్పాను. మా బిడ్డ ఏడుపు చేను దాటి వినిపించింది. గొంతు అంత గట్టిగా లేచినందుకు అత్తమ్మ, నేను ఒకరిని చూసి ఒకరం నవ్వుకున్నాం.

ఆ కట్టు వల్ల మేలు లేదని నేను అనను. అంగడికి, విందులకు పోకపోవడం వల్ల ఎన్ని ఇళ్లు నిలిచాయో ఎవరికి తెలుసు? అయితే ఏ రోజు కూలి ఆ రోజు తినేవాళ్ల పొయ్యిలు ఆ వారం సరిగా రాజలేదు. ఆకలికి ఓర్వలేక చాటుగా తాడు దాటినవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లను తిట్టడానికి నాకు నోరు రాలేదు.

తొంభైలలో ఒక వానాకాలం మళ్లీ పిల్లలకు వాంతులు పట్టుకున్నాయి. అప్పటికి గట్టు మీద ఉతకడం ఎప్పుడో మానేశాం. ఈసారి ముందు బావిలో మందు పడింది, ఎందుకో ఇంటింటికీ తిరిగి చెప్పారు. కూలివాళ్ల ఇళ్లకు పటేలు కొడుకు జొన్నలు కొలిపించాడు. ఆ తర్వాతే తాడు. అత్తమ్మ చూపు అప్పటికి ఆనడం లేదు. మంచంలో నుంచే నన్ను పిలిచింది.

"పిల్లా, తాడు కాడ కట్టె పెట్టిండ్రా?"

పెట్టారు అత్తమ్మా అన్నాను. తాడు పక్కనే చెట్టుకు ఆనించి పెట్టారు, పిలిస్తే వచ్చేలా బండి కూడా ఉంది అని చెప్పాను. అప్పుడు గోడ దిక్కు తిరిగి పడుకుంది.

నా బిడ్డకు ఇప్పుడు ఇద్దరు పిల్లలు. జిలేబి తింటూ ఈ ముచ్చట చెప్పమని నన్ను పోరు పెడుతుంది.

విన్న మీ ఇంటి బావి నీళ్లు తేటగా ఉండాలి. మీ పొయ్యి ఏ వారమూ చల్లారకూడదు. మీ ఇంట్లో పిల్ల నీళ్లు అడిగితే ఇచ్చే చెయ్యి పక్కనే ఉండాలి, పోవలసిన రోజున మీ దారికి అడ్డమున్న తాడును ఎత్తే మనిషి ఉండాలి. పిల్లాజెల్లలతో పచ్చగా బతకండి.