నల్లమాడ దారిలో నిలిచిన కారు

మా కారు నేను పుట్టకముందు అమెరికాలో తయారైంది. బళ్ళారి వ్యాపారి ఒకాయన వాడి వదిలేస్తే నాయన తెచ్చి అనంతపురంలో బాడుగకు తిప్పాడు. ఆయనకు నడుము పట్టేశాక స్టీరింగు నా చేతికొచ్చింది. అప్పటికి డెబ్బైలు సగం దాటాయి.

గేరు కడ్డీ స్టీరింగు పక్కనే ఉండేది. లోపలి కీళ్లు అరిగిపోయి, రెండో గేరు పడాలంటే కడ్డీని అవతలికి నెట్టి, క్షణం ఆగి పైకి లేపాలి. వైపర్లు ఇంజను పీల్చే గాలితో ఆడేవి. మిట్ట ఎక్కేటప్పుడు ఆగిపోయేవి. మా వైపు వానలే తక్కువ కాబట్టి వాటిని ఎవరూ తిట్టలేదు. సామాను మాత్రం ఎక్కడా దొరికేది కాదు. పాత లారీ ముక్కలు తెచ్చి ఆకురాయితో అరగదీసి సరిపెట్టుకునేవాణ్ణి. బాడుగ లేని రోజంతా కారు కిందే గడిచేది.

"నిల్చిపోతానే స్పానరు పట్టుకోవద్దురా. యాల నిల్చిందో ముందు సూడు" అనేవాడు నాయన.

ఒక కరువు ఏడాది ఎండాకాలంలో, ఆపరేషన్ అయిన భార్యను ఆసుపత్రి నుంచి నల్లమాడలోని పుట్టింటికి చేర్చమన్నాడు ధర్మవరం నేతగాడొకాయన. మా వెనక సీటు మంచమంత ఉండేది. పడుకోబెట్టి తీసుకుపోవాల్సిన వాళ్లను అందుకే మాకు అప్పజెప్పేవారు.

డబ్బాలో తెచ్చిన నీళ్లు సగం దారిలోనే రేడియేటరు తాగేసింది. తర్వాత ఒక మిట్ట మీద ఇంజను దగ్గి ఆగిపోయింది. రేడియేటరు మరగడం లేదు. కరెంటు అందుతోంది. పెట్రోలే రావడం లేదు. ట్యాంకు నుంచి పెట్రోలు లాగే పంపు ఇంజనుకు ఆనుకుని ఉంటుంది. ఎండకు ఇంజను వేడి తోడైతే అందులోని పెట్రోలు ఆవిరైపోతుంది. పంపు పెట్రోలును తోయగలదు గానీ ఆవిరిని తోయలేదు. పంపుకు తడిగుడ్డ చుట్టాలి, లేదా ఎండ దిగేదాకా కూర్చోవాలి.

కాస్త దూరంలో బోరింగు, దాని దగ్గర బిందెల వరుస కనిపించాయి. పోయి చెంబెడు నీళ్లడిగాను.

"ఎవురికప్పా?" అంది బోరింగు కొడుతున్న ముసలామె.

"కారుకమ్మా."

"మనుషులకే ల్యాక సస్తాంటే కారుకంట! పో, పో."

వట్టి చేతులతో తిరిగొచ్చాను. వెనక సీట్లోంచి నేతగాడి భార్య తన కూజా చాపింది.

"ఇవి పోసుకోన్నా. ఈ ఎండకు ఈడ ఉండలేను."

"నువ్వు మాత్రలు మింగాల. ఊరికే ఉండు" అన్నాడు భర్త.

"వద్దమ్మా. సల్లబడితే అదే కదుల్తాది" అన్నాను.

ఇద్దరం కారును మెల్లగా వెనక్కి దొర్లించి తుమ్మచెట్టు నీడకు చేర్చాం. బానెట్టు ఎత్తి, తలుపులన్నీ తీశాను. ఆయన తుండుతో భార్యకు విసురుతూ కూర్చున్నాడు. నేను చక్రానికి వీపు ఆనించాను. ఒళ్లంతా పచ్చిపుండులా ఉంది.

చాలాసేపటికి ఆ ముసలామె చంకన బిందెతో, చేతిలో చెంబుతో ఆ దారినే వచ్చి వెనక సీట్లోకి తొంగిచూసింది.

"జబ్బు మనిసి ఉండాదని యాల సెప్పలేదప్పా?" అని నన్ను కసిరి, చెంబు లోపలికి అందించింది. "తాగు తల్లీ. ఇవి నీకి. కారుకి కాదు."

నేతగాడి భార్య కుట్లు నొప్పెడతాయని కడుపు పట్టుకుని మరీ నవ్వింది. తర్వాత చెంబెత్తి గడగడా తాగేసింది.

ఎండ వాలాక ఇంజను అంటుకుంది. దీపాలు పెట్టేవేళకు నల్లమాడలో ఆమెను తల్లి చేతికి అప్పజెప్పాం.

అలాంటి వేసవులు చాలా గడిచాయి. ఎనభైల్లో వాల్వులు ఇక అరగదీయడానికి కూడా పనికిరాకుండా పోయాక, అందరిలాగే నేనూ డీజిలు ఇంజను పెట్టించాను. పాత ఇంజను షెడ్డులో గోనెసంచి మీద పడి ఉంటే నాయన కర్ర ఊతంతో వచ్చి చూశాడు.

"శానా సతాయించింది నిన్ను" అన్నాడు. "ఇంగ పోయి పండుకో."

ఇంటికి పోయి చాప పరుచుకున్నాను. చేతులు కూడా కడుక్కోకుండానే నిద్ర పట్టేసింది.