పాట వింటే సైకిల్ దిగే సారు

మా తెలుగు సారు పోయారని బోధన్ నుంచి పొద్దుటి బస్సుకు వచ్చిన తమ్ముడు చెప్పాడు. ఏడుపు కంటే ముందు నాకు కోపం వచ్చింది. ఇక వేదికలెక్కి ఎవరెవరు పొగుడుతారో నాకు తెలుసు.

చేలో ఆడవాళ్ల పాట వినబడితే సారు సైకిల్ దిగేవారు. మా అమ్మ, మేం అవ్వ అంటాం, పసుపు చేలో కలుపు తీస్తూ పాడేది. సారొచ్చారని లేవబోతే, "పని ఆపితే పాట ఆగుతదక్కా. నువ్వు కలుపు తియ్యి" అని గట్టు మీద కూర్చునేవారు. అవ్వ పాడేదీ చదువేనని నాకు తెలిసింది ఆయన్ని చూశాకే. ఆ రుణం తీరేది కాదు.

నేను హైస్కూల్లో ఉన్నప్పుడు వార్షికోత్సవంలో అవ్వ చేత పాడిద్దామన్నారు సారు. హెడ్మాస్టరు నవ్వారు.

"గవి కూలోళ్ల పాటలు సారూ. మనది సాంస్కృతిక కార్యక్రమం."

"కూలి చేసేటోళ్లకు సంస్కృతి ఉండదా?"

అనుమతి రాలేదు. ఆ ఏడూ పద్యాలతో, వీణతో కానిచ్చారు.

కొన్నేళ్లకు గాలి మళ్లింది. హైదరాబాద్ నుంచి పెద్ద చదువుల వాళ్లు టేప్ రికార్డర్లతో దిగి, జానపదమే అసలు సంస్కృతి అన్నారు. అదే హెడ్మాస్టరు పక్కన కూర్చుని తలూపారు. అవ్వ పాటల మీద ఉపన్యాసాలు సాగాయి గానీ, ఒక్క సభకూ ఆమెను పిలిచిన పాపాన పోలేదు. సారు మండిపడ్డారు. "పాట సంస్కృతి అయింది. పాడినామె ఇంకా కూలామెనే."

సంతాప సభ నిజామాబాద్‌లో పెట్టారు. అవ్వ పిలవకుండానే వచ్చింది. జానపదానికి పట్టం కట్టిన మహనీయుడంటూ ఒకరి తర్వాత ఒకరు ఊదరగొట్టారు. విని విని అవ్వ లేచింది. మా వైపు పోయినవాళ్ల మంచిని ఆడవాళ్లు రాగం తీసి చెప్పుకుంటూ ఏడుస్తారు. సారు ఫొటో ముందు నిలబడి శోకం ఎత్తుకుంది.

"సదువుకున్నోళ్లల్ల నువ్వొక్కనివే నన్ను అక్కా అంటివి తమ్ముడో..."

సభ పెట్టినాయన గబగబా వచ్చాడు. "ఏడవకండమ్మా. ఇప్పుడు రెండు నిమిషాలు మౌనం పాటిస్తాం."

"ఉత్తగ ఏడుస్తలేను బిడ్డా. మీరందరు సెప్పిండ్రు గద, నేను సుత సెప్తున్న."

"తర్వాత చెబుదురుగాని."

అందరూ లేచి తలలు దించారు. అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చడీచప్పుడూ లేని ఆ హాల్లో ఆమె ఒళ్లు మాత్రం రాగానికి ముందుకూ వెనక్కూ ఊగుతూనే ఉంది.