పెద్దసారుకు పచ్చిగడ్డి

సర్కారు మారి, బళ్లలో ఉర్దూ చదువు పోయి తెలుగు చదువు వస్తున్న ఆ కాలంలో, నాలుగు తెలుగు ముక్కలు వచ్చినవాడు కనబడితే చాలు, చేయి పట్టుకుని లాక్కుపోయి పంతులును చేసేవారని ఇప్పటివాళ్లు అనుకుంటారు. శుద్ధ అబద్ధం. నన్నెవరూ లాక్కుపోలేదు. రెండేళ్ల పిల్లను చంకనేసుకుని నేనే మూడు ఊళ్లు తిరిగాను. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, కాసేపటికి నవ్వూ వస్తుంది. (ముందు మంట, తర్వాతే నవ్వు. ఆ వరుస నేను మార్చను.)

నేను బడి గడప తొక్కినవాణ్ని కాను. తిరుమలగిరిలో కిరాణా దుకాణంలో పొట్లాలు కడుతూ, ఆ కాగితాల మీద ఉన్నదంతా కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. (అందుకే ఎన్నో కథల మొదలు తెలుసు, చివర తెలియదు.) మా ఆవిడను రెండో కాన్పుకు నిడమనూరు తీసుకుపోవడానికి వచ్చిన మా మామ ఆ చదువును ఒక్క మాటతో తీసిపారేశాడు. "పొట్లాలు కట్టుడు గూడ ఒక కొలువేనా అల్లుడా? సర్కారు నౌకరీ దొరికినంక చెప్పు, నా బిడ్డను తోలుకొస్త. అందాక ఈ పిల్ల గూడ మా కాడనే ఉంటది." నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. "నా బిడ్డను నేనే సాదుకుంట, నువ్వు పరేషాన్ గాకు మామా" అని చిట్టిని లాక్కున్నాను. ఆయన బండెక్కుతూ "దసరా దాక సూస్త. అప్పటికి నౌకరీ లేకుంటే వచ్చి పిల్లను తీస్కపోత" అన్నాడు. దసరాకు ఇంకా రెండు నెలలుంది. బండి కనుమరుగయ్యాక గానీ గుర్తు రాలేదు, చిట్టికి అన్నం ఎంత మెత్తగా కలపాలో కూడా నాకు తెలియదని.

పిల్లను ఎవరి దగ్గరా వదల్లేను కనుక నౌకరీ అడగడానికి దాన్ని వెంటేసుకునే పోవాలి. పోయినచోట మర్యాదగా ఉండాలని, చేతులు జోడించి "నమస్తే సారూ" అనడం నేర్పదలిచాను. నేర్పాలంటే ఎదురుగా ఒక సారు ఉండాలి. నేనా, నాయనను. అందుకని ఇంటివాళ్ల బర్రె ముందు నిలబెట్టాను. నల్లగా, నిండుగా, ఏదో నములుతూ, ఎవరినీ లెక్కచేయకుండా, అచ్చం కచేరీలో అధికారిలాగే ఉండేది. నమస్తే చెప్పినప్పుడల్లా బహుమానంగా చిట్టి చేతికి గుప్పెడు గడ్డి ఇచ్చి బర్రెకు తినిపించనిచ్చాను. పది రోజుల్లో పాఠం వచ్చేసింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మొదట సూర్యాపేట బడి. నల్ల షేర్వానీ తొడుక్కున్న పెద్దసారు "సనదు ఉన్నదా?" అని పరీక్ష ప్యాసైన కాగితం అడిగాడు. "సనదు లేదు సార్, చదువు ఉన్నది" అన్నాను. (ఈ జవాబుకే నౌకరీ ఇవ్వాల్సింది.) ఆయన మొహం చిట్లించేలోపు చిట్టి "నమత్తే తారూ" అంది. మొహం విచ్చుకుంది. నేను లోపల పండగ చేసుకుంటుండగా చిట్టి బయటికి పోయి, గుప్పెడు పచ్చిగడ్డి పీక్కొచ్చి, కుర్చీ ఎక్కి ఆయన నోటికి అందించింది. "తిను, తిను" అని దవడ కూడా నిమిరింది.

ఆయన మీసం మీది గడ్డిపోచ తీసి పక్కన పెట్టాడు. "ఈ పిల్లకు ఎవరు నేర్పిన్రయ్యా?"

"నేనే సార్."

"అయితే మా బడి పిల్లలకు నేర్పకు."

కోదాడలో జాగ్రత్తపడ్డాను. చిట్టిని బడి ఎదుట చాయ్ అంగడి అవ్వకు అప్పగించి లోపలికి వెళ్లాను. అక్కడి పెద్దసారు చదవమన్నది చదివాను, రాయమన్నది రాశాను. ఆయన తల ఊపుతుండగా బయటి నుంచి అవ్వ కేక. "ఓ అయ్యా, మీ పిల్ల గేదెల వెంట పోతందయ్యా, నా వల్ల కావట్లేదు." కిటికీలోంచి చూస్తే చెరువు నుంచి వస్తున్న మందలో ఒక్కొక్కదానికీ చిట్టి దండం పెడుతోంది. పెద్దసారు చెవి రిక్కించాడు. "మీ పాప గేదెల్ని సారూ అంటాందేంటండీ?" పరుగెత్తాను. పిల్లను ఎత్తుకుని తిరిగి వచ్చేసరికి నా వెనక నిలబడ్డవాడికి నౌకరీ ఖాయమైపోయింది.

దసరాకు మూడు రోజులుందనగా మిర్యాలగూడ. అక్కడి పెద్దసారు ఉర్దూ చదువుల ముసలాయన. నన్ను చూసి ఒళ్లోని పలకను గబుక్కున సొరుగులో దాచాడు. చిట్టి నమస్తే చెప్పింది, గడ్డి తెచ్చింది. నేను కళ్లు మూసుకున్నాను. ఎంతకూ అరుపు వినబడకపోతే తెరిచాను. ఆయన గడ్డిని జేబులో పెట్టుకుంటున్నాడు. "షుక్రియా బేటీ. జరసేపైనంక తింట" అని నావైపు తిరిగి, "క్యా బాత్ హై?" అన్నాడు. బర్రె సంగతి, మామ సంగతి అంతా చెప్పేశాను. ఆయన కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వాడు.

"నువ్వు నేర్పింది తప్పు గని, పిల్ల నేర్చుకున్నది పక్కా. మూడూర్లు తిరిగినా మర్వలే. గిట్ల నేర్పెటోడే నాకు గావాలె." సొరుగులోంచి పలక తీశాడు. దాని మీద వంకరటింకరగా అ, ఆ. "ముందుగాల నాకు నేర్పు. ఎవరికీ చెప్పకు."

నౌకరీ దొరికిన ఆ సాయంత్రమే మామకు ఉత్తరం రాశాను. మూడు కాగితాలు. 'అజ్ఞాన శిఖామణియగు మామగారికి' అని మొదలుపెట్టి, పొట్లాల మీద నేర్చిన పెద్ద మాటలన్నీ ఆయన మీద కుమ్మరించి, చివర ఆయన బిడ్డను పంపమన్నాను.

వారం తిరక్కముందే ఆ ఉత్తరం పట్టుకుని మామ మిర్యాలగూడలో దిగాడు. "మిర్యాలగూడ నుంచి నీ కాయితమని టపా ఆయన ఇచ్చిపోయిండు అల్లుడా. మా ఊళ్లె చదువొచ్చినోడు పట్వారీ ఒక్కడే, వానికి నాకు మాటల్లేవు. నువ్వే చదివి చెప్పు."

చదివాను. "మామకు దండాలు. చిట్టి బాగుంది. నాకు బడిలో నౌకరీ అయింది. మీ బిడ్డను పంపించండి."

ఆయన కాగితాలు అటూ ఇటూ తిప్పాడు. "మూడు కాయితాలల్ల గింతేనా?"

"అక్షరాలు పెద్దగ రాసిన మామా."

"ఇంకోపారి చదువు."

ఈసారి భయంకొద్దీ 'తండ్రివంటి మామకు' అని చదివాను. "ఇందాక ఇది లేకుండె గద" అన్నాడు. అన్నాడు గానీ మొహం తిప్పుకుని రుమాలుతో కళ్లు ఒత్తుకున్నాడు. బాలింత తేరుకోగానే నా భార్యనూ, కొత్త బిడ్డనూ తానే తెచ్చి దింపాడు.

ఉత్తరం మాత్రం పోయేదాకా పెట్టెలో దాచుకున్నాడు. నేను వెళ్లినప్పుడల్లా తీసి చదివించుకునేవాడు, నేను చదివినప్పుడల్లా అది ఇంకాస్త తియ్యనయ్యేది. ఆయన పోయాక ఆ పెట్టె మా ఆవిడ తెరిచింది. ఆమెకు చదువు చెప్పింది నేనే. మూడు కాగితాలూ ఎక్కడా తడబడకుండా, శిఖామణితో సహా, నా ముందు కూర్చుని పైకి చదివింది. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా దాచడమెందుకు, పంతులుగా కొంచెం గర్వపడ్డాను కూడా.