ఆడవారి బయలు, మొదటి తరగతి

ఆ రోజుల్లో చేతిలో ఒక గొలుసూ టేపూ ఉంటే చాలు, భూమండలాన్ని మనమే పంచిపెడుతున్నామన్నంత పొగరుండేది. నాకైతే ఇరవై రెండేళ్లకే ఆ పొగరు నడినెత్తికెక్కింది. కర్నూలులో చదువు ముగించి, కడప జిల్లాలో ఒక చేనేత ఊరి మునిసిపాలిటీలో టెంపరరీ సర్వేయరుగా చేరాను. (టెంపరరీ అన్న మాట నేను పైకి పలికేవాణ్ని కాదు.) చేరీచేరగానే మద్రాసు నుంచి ఉత్తర్వు వచ్చింది: ఊళ్లోని పార్కులు, ఖాళీ జాగాలు అన్నీ చూసి, జనం వాటిని ఎంత వాడుకుంటున్నారో కనుక్కొని, తరగతులుగా విడగొట్టి పటం గీసి పంపాలట. మా ఊళ్లో పార్కు అనేదే లేదు. ఖాళీకి మాత్రం కరువు లేదు. మా చేర్మన్ ప్లీడరు, కడప ఎండల్లో కూడా కోటు విప్పని మనిషి. నన్ను పిలిచి, "ఏమప్పా సర్వేయరూ, నేను దిగిపోయేలోగా ఈ ఊర్లో ఒక పార్కుండాల. జనాన్ని అడుగు. ఇంగ్లీషులో కాదు, తెలుగులో అడుగు" అన్నాడు.

అక్కడే వచ్చింది చిక్కంతా. 'ఓపెన్ స్పేస్' అన్నదానికి నిఘంటువు తిరగేస్తే 'బయలు' అని ఉంది. నాకు చాలా నచ్చింది, చక్కటి అచ్చ తెలుగు మాట. మా కర్నూలు ఇంట్లో పెరట్లోని ఆ గదిని పాయిఖానా అనేవాళ్లం గనక, బయలంటే నాకు బయలాట నాటకాలు ఆడే మైదానం తప్ప ఇంకేమీ తోచలేదు. నేరుగా మగ్గాల వీధి బావి దగ్గరికి పోయి, నీళ్లు చేదుతున్న ఆడవాళ్లను ఎంతో మర్యాదగా, "అమ్మా, మీకు బయలు యాడుండాదమ్మా?" అని అడిగాను. బిందెలు అక్కడే వదిలి, మూతికి కొంగు అడ్డం పెట్టుకొని అందరూ వెళ్లిపోయారు. వీధంతా పెద్దత్త అని పిలిచే ముసలావిడ ఒక్కతే నిలబడింది.

"ఎందుకు నాయనా నీకు?"

"మద్రాసు నుంచి ఉత్తర్వు వచ్చిందవ్వా."

"దీనిక్కూడా ఉత్తర్వేనా?" అని కాసేపు నన్ను ఎగాదిగా చూసి, ఇక తప్పదన్నట్టు చెప్పింది. "మొగోళ్లకు వంక అవతల. మాకు వీధెనక తంగేడు పొదల కాడ. తెల్లారకముందొకసారి, పొద్దు గుంకినాక ఒకసారి. ఆ పక్కకు నువ్వు పోగూడదు."

ఆడవాళ్లకు వేరే జాగా, దినానికి రెండుపూటలా గాలికి పోవడం! మద్రాసు సముద్రం ఒడ్డున కూడా ఇంత క్రమశిక్షణ ఉండదనుకున్నాను. "వాన పడినా పోతారా అవ్వా?" అన్నాను.

"పోకుంటే ఎట్ల నాయనా?" అంది పెద్దత్త.

ఆ రాత్రే ఆకుపచ్చ సిరాతో పటంలో రాశాను: ఆడవారి బయలు, మొదటి తరగతి. (దూరం నుంచే గీశాను, పెద్దత్త మాట జవదాటలేదు.) చేర్మన్‌ది ఊరికి అటుపక్క బంగళా, ఇంట్లోనే అన్ని వసతులూ ఉన్నాయి, ఆయనకూ అనుమానం రాలేదు. "జిల్లాలోనే మొదటి లేడీస్ పార్కు" అని పొంగిపోయి, పొదలు కొట్టించి చుట్టూ రాతికూసాలు పాతి, కంచె వేసి, ఇనుపగేటు పెట్టి, గులాబీలు నాటాలని హుకుం ఇచ్చాడు. సోమవారం పొద్దున కూలీలు కొడవళ్లతో దిగారు. సగం పొదలు నేలకొరిగేసరికి మగ్గాల వీధి ఆడవాళ్లంతా మునిసిపల్ ఆఫీసుకు వచ్చేశారు. ముందు పెద్దత్త. ఆవిడ చేర్మన్‌కు సొంత మేనత్త అని నాకు అప్పుడే తెలిసింది.

"ఏంరా అబ్బోడా, గేటుకు తాళం యేస్తారంటనే?"

"అవునత్తా. సాయంత్రం నాలుగు నుంచి ఆరుదాకా తీసి పెడతారు. అంతా మీకోసరమే."

"తాళంచెవి యెవురికాడుంటాది?"

"వాచ్‌మన్ కాడ."

"అయితే కోడి కుయ్యకముందే నా కోడండ్లు లేసి ఆ వాచ్‌మన్‌ను తాళం అడగాల్నా? అడిగి, ఏం పనని చెప్పాల?"

చేర్మన్ పటం వైపు చూశాడు, అత్త వైపు చూశాడు, చివరికి నా వైపు చూశాడు. కోటు కింద చెమటలు కారిపోతున్నాయి. నాకు భూమి చీలితే బాగుండుననిపించింది. గుమాస్తాలు ఫైళ్ల వెనక తలలు దాచుకొని నవ్వుతున్నారు. అంతలో వెనక నుంచి నెలలు నిండిన ఒక చిన్నమ్మి ఏడుపు గొంతుతో, "ఆ పొదలు పోతే మేం యాడికి పోవాల సామీ? వంక అవతల మొగోళ్లుంటారు" అంది. నవ్వులు ఆగిపోయాయి. పెద్దత్త నా వైపు తిరిగి, "నువ్వు బయలని రాసినావు నాయనా. మాకది మరుగు" అంది. నిజం చెబుతున్నా, నాకు ఏడుపొచ్చింది.

కొడవళ్లు ఆ పూటే ఆగాయి. కంచెకు తెచ్చిన రాళ్లతో, పొదలు పోయిన చోట నిలువెత్తు గోడ లేచింది. గేటు లేదు, తాళం లేదు, గులాబీలు అసలే లేవు. 'ఆడవారికి మిక్కిలి ఉపయోగపడుతున్న స్థలము, మరింత బాగు చేయడమైనది' అని చేర్మన్ మద్రాసుకు రాసి పడేశాడు. వాళ్లు మెచ్చుకొని ఫొటో పంపమన్నారు. దానికి మాత్రం మేము బదులివ్వలేదు.

గోడ లేచిన నాడు పెద్దత్త బావి కాడ నన్ను ఆపి, "సిగ్గు లేని పిల్లోడివి గానీ, ఇన్నేండ్లలో మమ్మల్ని ఆ మాట అడిగింది నువ్వొక్కడివేలే" అంది. తర్వాత నా ఉద్యోగం పర్మనెంటయింది, శానా ఊర్లకు పటాలు గీశాను, మర్యాద నేర్చుకున్నాను, ఆడవాళ్లను అట్లా నిలేసి అడగడం మానేశాను. ఇప్పుడు ఆ పటాల్లోని పచ్చరంగు చూస్తే, కింద ఎవరి పొదలున్నాయో అనిపిస్తుంది. ఇరవై రెండేళ్లనాటి ఆ తిక్క సర్వేయరే ఆ ఊర్లకు వెళ్లుంటే, తిట్లు తిన్నా సరే, ముందు కనుక్కొని వచ్చేవాడు.