ఓటక్క గారి ఆయన

ఆ పేటలో కాలిపోయిన మోటార్లకీ, తిరగనని మొరాయించిన ఫ్యాన్లకీ దిక్కు ఒక్కడే. అందరూ మేస్త్రీ అని పిలిచేవాళ్లు. షాపు ఇరుకు. కప్పుకి రెక్కలూడదీసిన ఫ్యాన్లు వేలాడుతుండేవి, కింద రాగి తీగ చుట్టలు, ఎప్పుడూ వార్నిష్ వాసన. ముందర ఒక బల్ల. ఆ బల్ల మీద కూర్చోవాలంటే ఫ్యానే పాడవక్కర్లేదు. మేస్త్రి కబుర్లు వినడానికి ఊరికే వచ్చి కూర్చునేవాళ్లే ఎక్కువ. చేతులు తీగ చుడుతుంటే నోరు మాటలు చుట్టేది. ఆయనకి తెలియని విషయం లేదు, తెలియకపోయినా చెప్పకుండా ఉండడు.

భార్య పూర్తిగా వేరే తరహా. వీధి చివరి క్లినిక్‌లో టోకెన్లిచ్చే ఉద్యోగం. ఇంట్లో మాటలు కూడా టోకెన్లిచ్చినట్టే ఇచ్చేది, ఒక్కొక్కటిగా. "అన్నం పెట్టనా?" "గ్యాస్ అయిపోయింది." "ఫోన్ మోగుతోంది." అంతే. "దేవుడు మా ఇంటికి పంపిన మాటలన్నీ నా వాటాకే వచ్చేశాయి" అని మేస్త్రి బల్ల మీదవాళ్లని నవ్వించేవాడు.

క్లినిక్‌లో పనిచేసి రిటైరైన నర్సమ్మ ఒకావిడ, ఎన్నికలు దగ్గరపడుతున్నాయని కొంతమందిని పోగేసింది. జీతం భత్యం లేని పని. పేరు నమోదు ఎలా చేయించుకోవాలి, పోలింగ్ బూత్ లోపలికెళ్లాక ఏం చేయాలి, ఎవరైనా బెదిరిస్తే ఎవరికి చెప్పుకోవాలి, ఇవన్నీ వీధి వీధికీ వెళ్లి జనానికి చెప్పడం. ఒకటే కట్టుబాటు: ఏ పార్టీ పేరూ నోట రాకూడదు, ఏ పార్టీ మనిషీ పక్కన నిలబడకూడదు. నర్సమ్మ అడిగితే మేస్త్రి భార్య కాసేపు ఆలోచించి సరేనంది.

మొదట్లో మేస్త్రే సంబరపడ్డాడు. "వెళ్లు, వెళ్లు. కాస్త నోరు తిరుగుతుంది" అన్నాడు. పైగా ఒక పాత బిస్కెట్ల డబ్బాకి మీటలు బిగించి, టమాటా, క్యారెట్, ఉల్లిపాయ బొమ్మలంటించి, నొక్కితే బల్బు వెలిగి కుయ్‌మనేలా ఓ నమూనా ఓటింగ్ మిషన్ చేసిచ్చాడు. దాన్ని పట్టుకుని ఆవిడ వెళ్తుంటే షాపులోంచి చూసి, "డబ్బా నాది, ప్రచారం తనది" అని గర్వంగా చెప్పుకున్నాడు.

ఆ గర్వం ఎన్నాళ్లో నిలవలేదు. ఒక సాయంత్రం షాపు ముందు బల్ల ఖాళీగా ఉంది. ఏమైపోయారని చూస్తే, రోజూ వచ్చే పాలాయనా, పక్క షాపు టైలరూ అటే పోతున్నారు. "ఓటక్క మాట్లాడుతోందట, విని వస్తాం మేస్త్రీ" అన్నారు. ఓటక్క ఎవరా అనుకున్నాడు. మర్నాడు మిక్సీ బాగుచేయించుకోవడానికి వచ్చిన ఒకావిడ ఆయన ముఖంలోకి పరీక్షగా చూసి, "మీరు ఓటక్క గారి ఆయన కదండీ!" అంది. మేస్త్రి ఆ పేటలోనే పుట్టి పెరిగిన మనిషి. తనని ఇంకొకరి పేరుతో గుర్తుపట్టడం అదే మొదటిసారి. మిక్సీ మూత బిగించబోయి స్క్రూ జారవిడిచాడు.

ఆ వారంలోనే చెప్పాపెట్టకుండా వెళ్లి, ఆగి ఉన్న వ్యాను చాటున నిలబడి విన్నాడు. భార్య మైకు పట్టుకుని ఉంది. గొంతు ఆవిడదే, మనిషే ఆవిడ కాదనిపించింది. జనంలోంచి ఎవరో కొంటెగా అడిగారు: "అక్కా, మీ ఆయన ఎవరికి వేయమంటే వాళ్లకే వేస్తావా?"

"మా ఆయన చెప్పిన కూరే నేను రోజూ వండను. చెప్పినవాళ్లకి ఓటేస్తానా?" అందావిడ, కళ్లు కూడా ఆర్పకుండా.

జనం గొల్లున నవ్వారు. పాలాయన అయితే కళ్లు తుడుచుకున్నాడు. మేస్త్రికి తనని అన్నందుకు కోపం రాలేదు. అంత చక్కని మాట ఆ నోట్లో ఉందని ఇన్నేళ్లూ తనకి తెలియకపోవడం, ఎవరో దారినపోయేవాళ్లు దాన్ని ఉచితంగా వినేయడం, అదీ గుచ్చుకుంది. ఇంటికొచ్చాక ఆవిడ మామూలుగానే "అన్నం పెట్టనా?" అంది.

"ఇంతకీ నువ్వెవరికి వేస్తావ్?" అన్నాడు, ఏదో మాట కలిపినట్టు.

"అది చెప్పకూడదండీ."

"నాకు కూడానా?"

"మీకు కూడా."

"నేను పరాయివాణ్ణా?"

"పరాయివాళ్లెవరూ అడగట్లేదు కదా. అడుగుతున్నది మీరే."

ఆ రోజు నుంచీ అదొక జబ్బైపోయింది. టీ తాగుతూ అడిగేవాడు, చెప్పులేసుకుంటూ అడిగేవాడు. ఆవిడ పేపర్లో ఎవరి బొమ్మ దగ్గర ఆగిందో ఓరకంట చూసేవాడు. చివరికి కూతురే విసుక్కుంది.

"నాన్నా, అమ్మకంటూ ఒక్క రహస్యం ఉంటే నీకేం పోయింది?"

"నాకెందుకు పోతుంది? ఊరికే అడుగుతున్నా."

"ఊరికే కాదు. నీకు కుళ్లు."

"కుళ్లా? నాకా? నేను చేసిచ్చిన డబ్బా పట్టుకునే కదే తిరుగుతోంది!" అని అరిచాడు. ఆ అరుపు విన్నాక ఇంకెవరూ ఏమీ అననక్కర్లేకపోయింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక పార్టీ మనిషి కూలర్ మోటారు పట్టుకుని షాపుకొచ్చాడు. ఎప్పుడూ ఇస్త్రీ నలగని తెల్లచొక్కా వేసుకుంటాడు. బల్ల మీద కూర్చుని, మోటారు సంగతి వదిలేసి, "మీ ఇంటావిడ మాటంటే పేటంతా వింటోంది మేస్త్రీ. ఆవిడ మీ మాట వింటుంది కదా. మా గురించి ఒక్క ముక్క..." అని నసిగాడు.

ఆవిడ మీ మాట వింటుంది. ఎన్నాళ్లకి విన్నాడా మాట! మేస్త్రికి ఛాతీ పొంగింది. కుదరదని చెప్పాలని తెలుసు. కానీ బల్ల మీద ఇంకో ఇద్దరున్నారు, వింటున్నారు.

"నా మాట కాదంటుందా? మన మనిషే అనుకోండి" అనేశాడు.

తర్వాతి మీటింగు బట్టల ఫ్యాక్టరీ గేటు ముందు. షిఫ్టు దిగిన ఆడవాళ్లు టిఫిన్ డబ్బాల సంచులు భుజాన వేసుకుని నిలబడ్డారు. మేస్త్రి వెనకాల గోడకి ఆనుకుని ఉన్నాడు. ఆవిడ డబ్బా ఎత్తి టమాటా మీట చూపిస్తుండగా ఆ తెల్లచొక్కాయన తన మనుషుల్ని వెంటేసుకుని దిగాడు, చేతుల్లో కరపత్రాలు. నవ్వుకుంటూ వచ్చి ఆవిడ పక్కన నిలబడి, మైకు అందుకున్నాడు.

"అమ్మలారా, మన ఓటక్క మనతోనే ఉంది. ఆ మాట మేస్త్రిగారే స్వయంగా చెప్పారు!"

ఆడవాళ్లలో గుసగుసలు బయల్దేరాయి. "అయితే ఈవిడా అంతేనన్నమాట" అని ఎవరో కాస్త పైకే అన్నారు. ఆవిడ గోడవైపు చూసింది. మేస్త్రి తలవంచుకున్నాడు. ఆ ఒక్క చూపుతో ఆవిడకి మొత్తం అర్థమైంది.

మైకు వెనక్కి తీసుకుంది. "ఈయన చెప్పిన మేస్త్రి మా ఆయనే. అదిగో, అక్కడ నిలబడ్డారు. ఆయన ఓటు ఆయన ఇష్టం. నా ఓటు ఆయన జేబులో లేదు. నాకు తెలియకుండా నా పేరు మీద మాటిచ్చారు. అది తప్పు. కానీ ఇకనుంచి నేనేం చెప్పినా మీకు అనుమానం వస్తుంది. రావాలి కూడా. అందుకని పోలింగ్ అయ్యేదాకా నేను మైకు ముట్టుకోను. నర్సమ్మగారు చెప్తారు, వినండి."

"నువ్వేం చేశావక్కా? నువ్వెందుకు పోవడం?" అంది ముందు వరసలో ఒకమ్మాయి.

ఆవిడ మైకు నర్సమ్మ చేతిలో పెట్టి, సంచీ భుజానికి తగిలించుకుని నడిచి వెళ్లిపోయింది. మేస్త్రి కాస్త దూరంలో వెనకాలే నడిచాడు. దారి పొడుగునా ఆవిడ వెనక్కి తిరగలేదు.

ఇంట్లో గొడవ జరగలేదు. జరిగినా బాగుండేది. మేస్త్రి కోరుకున్నదే దక్కింది: భార్య సాయంత్రాలు ఇంటిపట్టునే ఉంటోంది. బట్టలు మడతపెడుతూ కూర్చుంటోంది. కానీ టోకెన్లు కూడా బంద్. కంచం పెట్టిన చప్పుడే "అన్నం పెట్టనా" అనుకోవాలి.

చివరికి ఓ ఆదివారం ఉండబట్టలేక ఎదురుగా కూలబడ్డాడు. "తప్పే. ఒప్పుకుంటున్నా. కానీ నువ్వు చెప్పు, ఇన్నేళ్లలో నాతో ఒక్క నవ్వే మాటన్నావా? వాళ్లెవరో నీ మాటలకి పగలబడి నవ్వుతుంటే నాకు కడుపు మండిపోయింది."

ఆవిడ మడతపెడుతున్న చొక్కా ఒళ్లో పెట్టుకుంది. "అనేదాన్నండీ. పెళ్లైన కొత్తలో రోజూ ఏదో ఒకటి అనేదాన్ని. మీరు మాట్లాడుతూ ఉండేవాళ్లు. మీకు వినపడేది కాదు. కొన్నాళ్లకి మానేశాను."

మేస్త్రి ఏదో అనబోయాడు. నోరు తెరిచాడు, మూశాడు. జీవితంలో ఆయనకి మాట దొరకని సందర్భం అదొక్కటే అని కూతురు తర్వాత చెప్పేది.

మర్నాడు నర్సమ్మ ఇంటికెళ్లి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "తప్పు నాదమ్మా. ఆమెని మళ్లీ పిలవండి."

"నేను పిలిచినా రాదు నాయనా. ఆ మాట జనం ముందు తనే అంది. నువ్వు చెడగొట్టింది ఆమె పనొక్కటే కాదు. మేం చెప్పేది కూడా ఇప్పుడు సగం మంది నమ్మట్లేదు. చేతనైతే అది బాగుచెయ్యి."

అక్కణ్ణుంచి షాపుకొస్తే తెల్లచొక్కాయన మోటారు కోసం వచ్చి కూర్చుని ఉన్నాడు. బల్ల నిండా మనుషులు. మేస్త్రి మోటారు తెచ్చి ఆయన చేతిలో పెట్టి, అందరికీ వినపడేలా అన్నాడు: "అయ్యా, ఆ రోజు నేను చెప్పింది అబద్ధం. గొప్పకి పోయి అన్నాను. నా భార్య మీతో లేదు, వాళ్లతో లేదు. ప్రస్తుతం నాతోనే లేదు."

బల్ల మీదవాళ్లు విరగబడి నవ్వారు. ఆయన మాటలకి కాదు, ఆయన్ని చూసి. ఆ తేడా మేస్త్రికి బాగానే తెలిసింది. అయినా పోలింగ్ దాకా షాపుకొచ్చిన ప్రతి మనిషికీ అదే చెప్పాడు, తను వెధవైన కథ, ఉప్పూకారం కలపకుండా. కలపకుండా చెప్పడమే కష్టమైంది. ఫ్యాక్టరీ గేటు దగ్గరికి కూడా వెళ్లి చెప్పాడు. కొందరు నమ్మారు. కొందరు "ఇది కూడా ఓ ఎత్తేలే" అని దాటిపోయారు. వాళ్లనేం చేయలేకపోయాడు.

పోలింగ్ రోజు ఇద్దరూ కలిసే వెళ్లారు. లైన్లో ఫ్యాక్టరీ అమ్మాయిలు ఆవిణ్ణి చూసి పలకరించారు. అంతకుముందు చేయీ చేయీ పట్టుకు తిరిగిన ఒకావిడ మాత్రం ముఖం తిప్పుకుంది. బయటికొచ్చాక గేటు దగ్గర మేస్త్రి చెప్పు సర్దుకుంటున్నట్టు నిలబడ్డాడు. కళ్లు మాత్రం ఆవిడ వేలి మీది సిరా గుర్తు మీదే ఉన్నాయి.

"అడగాలనుంది కదూ?" అందావిడ.

"చచ్చేంత."

"చెప్పను."

"తెలుసు."

ఆవిడ ముఖంలో నవ్వు కదిలింది. అది చాలనుకుని నడిచాడు.

ఎన్నికలయ్యాక ఆవిడ మళ్లీ నర్సమ్మ బృందంలో చేరింది. మేస్త్రేం మహాత్ముడైపోలేదు. ఎవరైనా ఓటక్క గారి ఆయన అంటే ఇప్పటికీ చెవులెర్రబడతాయి. అయితే రాత్రి భోజనం దగ్గర "ఇవాళ ఏం చెప్పావ్?" అని అడగడం అలవాటు చేసుకున్నాడు. ఆవిడ మొదలుపెట్టగానే మధ్యలో దూరేవాడు. ఆవిడ ఆగి చూసేది. గబుక్కున ముద్ద నోట్లో కుక్కుకునేవాడు.

ఒకసారి, నమూనా డబ్బాలో ఉల్లిపాయకి ఓటేసి నిజంగా ఉల్లిపాయలిస్తారేమోనని సంచీ పట్టుకుని నిలబడ్డ ముసలాయన గురించి చెప్పింది. మేస్త్రి పొలమారేంతగా నవ్వాడు. నీళ్లు తాగి, అనుమానంగా చూశాడు.

"ఇది ముందు ఎవరికి చెప్పావ్?"

"మీటింగులోనే. అందరూ నవ్వారు."

"ముందు నాకు చెప్పాల్సింది" అని మూతి ముడుచుకున్నాడు.