ముగ్గుకి అటువైపు

బడి వెనక గేటులోంచి బయటికి వచ్చిన మా అమ్మాయి, తమ్ముడి చెయ్యి పట్టుకుని, ఏమాత్రం తడబడకుండా కుడి వైపుకి తిరిగింది. మా ఇల్లు ఎడమ వైపు. కుడి వైపు వెళ్తే రైలు గేటు వస్తుంది.

ముందు గేటు దగ్గర కాలువ పని మొదలైందని ఆ రోజు పిల్లల్ని వెనక నుంచి పంపారు. బజారు నుంచి వస్తూ అటు రాబట్టి చూశాను. గబగబా నడిచి వాళ్లని అందుకున్నాను.

"ఎక్కడికే?"

"ఇంటికేగా! గేటు దాటగానే కుడి వైపు అని నువ్వే చెప్పావుగా అమ్మా." నేను చెప్పింది ముందు గేటు సంగతి.

తమ్ముడు అక్క చెయ్యి వదల్లేదు. వాడికి అక్క మీద అంత నమ్మకం. నన్ను భయపెట్టింది అదే.

మేం బాపట్ల నుంచి తెనాలి వచ్చి అప్పటికి నెల కాలేదు. అక్కడ బడీ ఇల్లూ ఒకే వీధిలో ఉండేవి. దారి వెతుక్కునే అవసరం పిల్లకి ఎప్పుడూ రాలేదు. నాకేమో ఐదో నెల. రానురాను రోజూ ఎదురెళ్లడం నావల్ల అయ్యే పని కాదు. తూర్పు, పడమర అని నేను చదువుకున్నదంతా చెప్పి చూశాను. బుద్ధిగా తల ఊపింది. వెనక గేటు నుంచి ఎటు తిరగాలే అంటే మళ్లీ కుడి వైపే అంది.

చివరికి సుద్దముక్క తీసుకుని వసారా గచ్చు మీద చుక్కల ముగ్గు మొదలుపెట్టాను. చుక్కలు ఇళ్లు, గీతలు వీధులు. బడి ఉన్నచోట చింతగింజ పెట్టాను. రోజూ ముగ్గు నేర్చుకునేటప్పుడు కూర్చున్నట్టే అది నాకు ఎదురుగా కూర్చుంది. నేను "ఇదిగో, ఎడమకి" అన్న ప్రతిసారీ దాని వేలు నా కుడివైపుకి పోయింది. విసుక్కున్నాను. దాని కళ్లలో నీళ్లు తిరిగాయి. లేచి, ముగ్గు చుట్టూ నడిచి వచ్చి నా భుజం పక్కన నిలబడింది.

"అమ్మా, ఇక్కణ్నుంచి చూస్తే బడి ఇటు పక్కకొచ్చింది!"

నాకు ఎడమైనది ఎదురుగా కూర్చున్న పిల్లకి కుడి అవుతుందని అంతసేపూ నాకు తట్టలేదు. ఆ పూట నుంచి అదే మా ఆట. ఒక్కో రోజు ముగ్గుకి ఒక్కో వైపు నిలబడి ఇల్లు ఎటో చూపించాలి. తర్వాత కళ్లు మూసుకుని చెప్పాలి. ఒకనాడు అది చింతగింజ దగ్గర్నుంచి తనే గీతల మీద నడవడం మొదలుపెట్టింది.

అత్తయ్య ఊరుకోలేదు. "ముగ్గు తొక్కుతున్నారేంటే? సుద్దముక్కతో వేసినా ముగ్గు ముగ్గే!"

"ఇది ముగ్గు కాదు నాయనమ్మా, మన వీధి."

"అట్టాగా? మరి మనిల్లేదీ?" అది కాలి కింద చుక్క చూపించింది. "ఓసి నీ దుంప తెగ, నన్నే తొక్కుతున్నావు గదే!"

ఇలా ఆడుతున్నా నాకు ధైర్యం చాల్లేదు. సాయంత్రమయ్యేసరికి వెనక గేటు దగ్గర నిలబడే ఉండేదాన్ని.

ఒక ఆదివారం పిల్లలతో రేపల్లెలో మా అమ్మ దగ్గరికి వెళ్లొచ్చాను. రేపల్లెతో పట్టాలు అయిపోతాయి. అక్కడ ఇంజన్ని విప్పి రైలుకి రెండో కొసన తగిలిస్తారు. తిరుగు ప్రయాణంలో అదే పెట్టె ఎక్కి, అదే కిటికీ దగ్గర కూర్చున్నాం. వెళ్లేటప్పుడు ఒక స్టేషన్లో పిల్లలు ఆ కిటికీలోంచే ఎర్రగా పూసిన మందారచెట్టు చూశారు.

"వెనక్కి వెళ్తున్నాంగా, ఆ చెట్టు ఇప్పుడు అవతలి కిటికీలోంచి కనపడుద్ది" అని తమ్ముడు అటు పరుగెత్తబోయాడు.

"కాదురా. ఇదే కిటికీ. పెట్టె తిరగలేదుగా, ఇంజనేగా అటెళ్లింది!" అంది అక్క.

నాకే వెంటనే అంతుపట్టలేదు. అరచేతిలో వేలితో గీసి చూసుకుంటున్నాను. ఇంతలో స్టేషన్ వచ్చింది. మందారచెట్టు మా కిటికీ ముందే ఆగింది. తమ్ముడు నోరు తెరిచాడు. అది మాత్రం చెట్టుకేసి చూడలేదు, నాకేసి చూసింది.

ఆనాడు కడుపులో ఉన్న బిడ్డ ఇప్పుడు నా పక్కన నిద్రపోతున్నాడు. వీడిని బడికి పంపే రోజు తలుచుకుంటే ఇప్పట్నుంచే బెంగ. అయినా రేపల్లె నుంచి వచ్చిన మర్నాటి పొద్దున, అమ్మాయి జడ అల్లుతూ నేను చెప్పిన మాట గుర్తుచేసుకుంటాను.

"ఇవాళ నేను ఎదురు రాను. గుమ్మంలోనే కూర్చుంటాను. నువ్వు తమ్ముడి చెయ్యి వదలకు. ఒరేయ్, నువ్వు అక్క ఎటంటే అటు నడువు."